జనం ఎవరి కోసం వచ్చారు?

ఏడుమెట్ల కొండ కింద జంతువులకు ఒక విద్యాలయం ఉండేది. చుట్టూ దట్టమైన ముళ్లకంచె, నడుమ కానుగ చెట్ల నీడన తరగతులు, తూర్పు వైపు చదునైన ఎర్రమట్టి మైదానం, పడమటి వైపు రాళ్లు తేలిన గుట్ట. కంచె లోపలికి చిరుతపులి రాదు. ఆ ఒక్క ధీమా చాలు, బిడ్డకు అక్కడ చోటు దొరికిందంటే తల్లులు హాయిగా ఊపిరి పీల్చుకునేవారు. ఆ నేల ఏనుగుల మందది. మందకు పెద్ద అయిన మాతంగి, పిల్లలు చదువుకుంటారని దాన్ని ఇచ్చేసి, నడిపించే పని నక్క జంబులింగానికి అప్పజెప్పింది. చేసిన మంచి పనికి అక్కడే దిష్టి తగిలింది.

జంబులింగం ప్రిన్సిపాల్ అయ్యాక చదువు చిక్కిపోయి ఆటలు లావెక్కాయి. చలి తగ్గగానే ఏటా వాగవతలి విద్యాలయంతో పోటీలు. మగవాళ్లకు బండలాగుడు. ఎద్దులూ దున్నపోతులూ తీగలు పేనిన మోకులు మెడకేసుకుని మైదానంలో పెద్ద బండను లాగాలి. ఆడవాళ్లకు గుట్టెక్కుడు. మేకలూ లేళ్లూ రాళ్ల మీదుగా గుట్ట కొసకు ఎక్కి, అక్కడి మోదుగ రెమ్మ తుంచుకుని, ముందుగా కిందికి రావాలి. చూడ్డానికి వచ్చేవాళ్లు గేటు దగ్గర ఏదో ఒకటి పెట్టాలి. జొన్న కంకులో, చెరకు గడో, పుచ్చకాయో, పచ్చగడ్డి మోపో. పొద్దు వాలేసరికి అక్కడ కొండంత పోగు పడేది.

ఆ పోగు ఎటు పోయేదో అందరూ చూస్తూనే ఉన్నారు. జంబులింగం కూర్చోడానికి నల్లరాతి అరుగు వచ్చింది. ఆయన వెనకాలే తిరిగే కొంగ పంతులుకు మడుగు ఒడ్డున మంచె వచ్చింది. ఆడినవాళ్లకు "శభాష్" వచ్చింది.

గుట్టెక్కుడు జట్టుకు నాయకురాలు రేగమ్మ అనే మేక. నోరు దురుసని ఆమెకు పేరు. "నా నోరు దురుసు కాదు, మీ చెవులు మరీ మెత్తన" అనేది ఆమె జవాబు.

ఆ ఏడు పోటీలు దగ్గర పడుతుండగా ఒక పొద్దున, జట్టులో చిన్నది, పొన్న అనే లేడిపిల్ల గుట్ట మీంచి జారి పడింది. మగవాళ్ల మైదానాన్ని రోజూ నీళ్లు చల్లి, ఊడ్చి, సాపు చేస్తారు. గుట్ట మీద మాత్రం ఊడిన రాయిని తీసి పక్కన పడేసే దిక్కు లేదు. రేగమ్మ పరుగున దిగి వెళ్లేసరికి పొన్న ముందుకాలు వాచి, పిల్ల కళ్లల్లో నీళ్లు నిలబడి ఉన్నాయి.

"అక్కా, పోటీలోపు తగ్గుతుందంటావా?"

"పోటీ సంగతి నాకొదిలెయ్. ముందు కాలు కదపకు."

ఆకు పసరు తేవడానికి రేగమ్మ అటు వెళ్లి ఇటు వచ్చింది. అంతలోనే కొంగ పంతులు పొన్న పడుకునే గడ్డిపరుపు చుట్టి కంచె బయట పెట్టించాడు. పొన్నను కూడా బయటికి నడిపించారు, కుంటుకుంటూనే.

రేగమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండిపోయింది.

"ఏంటయ్యా ఇది? పడింది మీ గుట్ట మీద. ఆడింది మీ పేరు మీద. బయట చిరుతపులి తిరుగుతోందని మీకు తెలీదా?"

కొంగ పంతులు ఒంటికాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. "నాకేం తెలుసమ్మా. ఆడేవాళ్లకే పరుపు అని ప్రిన్సిపాల్ గారి మాట. ఆట లేకపోతే పరుపు లేదు. వెళ్లి ఆయన్నే అడుగు."

వెళ్లింది. జంబులింగం నల్లరాతి అరుగు మీద కూర్చుని పుచ్చకాయ ముక్క చీకుతున్నాడు. రేగమ్మను చూసి చాలా ప్రేమగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే రేగమ్మకు సగం ఓపిక పోయేది.

"రా అమ్మా, రా. గుట్టెక్కుడు ఎలా సాగుతోంది?"

"గుట్ట నుంచి దొర్లడం బాగా సాగుతోంది. పొన్నను లోపలికి రానివ్వండి. కాలు కట్టించండి. ఆ పిల్లకు నయమయ్యేదాకా మేత మీరే పెట్టండి."

"ఎంత మాట! నాకు మాత్రం బాధ ఉండదా? రాత్రి నిద్ర పట్టదు తెలుసా. కానీ ఒకరికి చేస్తే అందరికీ చెయ్యాలి. ఎక్కడి నుంచి తేను?"

"గేటు దగ్గర పోగు నుంచి తెండి. మేము ఆడితేనే కదా అది పడేది."

జంబులింగం పుచ్చకాయ ముక్క పక్కన పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. ఆయన పెద్ద మాటలు చెప్పబోయే ముందు అలాగే కళ్లు మూసుకుంటాడు.

"అమ్మాయ్, ఆట పవిత్రమైంది. ప్రేమతో ఆడాలి. ఎదురు ఏదో వస్తుందని ఆడితే అది ఆట కాదు, కూలి. మీ మనసులు మలినమైపోతాయేమోనని నా భయం."

"మీ అరుగు మలినం కాలేదా?"

"అరుగు విద్యాలయానిది. నేను కూర్చుంటానంతే. పైగా మీకేం తక్కువ? చదువు చెబుతున్నాం కదా. అదే మీకు కూలి అనుకో."

"ఏ చదువు? తెల్లారితే గుట్ట, పొద్దు గూకితే గుట్ట. తరగతి జరిగే వేళకు మేము రాళ్ల మీద ఉంటాం. కానుగ చెట్టు కింద ఏం చెబుతారో ఆ చెట్టుకు తెలియాలి, మాకు తెలీదు."

"అది నీ శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది" అన్నాడు జంబులింగం, మళ్లీ పుచ్చకాయ అందుకుంటూ.

రేగమ్మ బయటికొచ్చి రాతికి కొమ్ములు రాసుకుంది. రాతికి పోయేదేం లేదు, కానీ ఆమెకు అది అవసరం. తర్వాత నేరుగా ఎద్దుల కొట్టం దగ్గరికి వెళ్లింది.

బండలాగుడు జట్టుకు భూషణం పెద్ద. తెల్లటి ఎద్దు, నెమ్మదస్తుడు. ఆలోచన కూడా నెమ్మదే. రేగమ్మ చెప్పిందంతా నెమరేస్తూ విన్నాడు. మెడ మీద మోకు ఒరుసుకున్న పుండు చుట్టూ ఈగలు ముసురుతుంటే తోకతో తోలుకున్నాడు.

"నిజమే చెల్లీ. నా మెడ చూడు. పోయినేడు మా జత దున్న కాలు విరిగితే అతన్నీ బయటికే పంపారు. మళ్లీ కనపడలేదు."

"అప్పుడెందుకు అడగలేదన్నా?"

"ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నా."

"అందరూ అలాగే అనుకున్నారు" అంది రేగమ్మ. "రేపు మీరూ మేమూ కలిసి వెళదాం. దెబ్బ తగిలినవాళ్లను కంచె లోపలే ఉంచాలి. పోగులో ఆడినవాళ్లకు వాటా కావాలి. లేదంటే పోటీ రోజున మోకు ముట్టేది లేదు, గుట్ట ఎక్కేది లేదు. సరేనా?"

"సరే" అన్నాడు భూషణం. ఆ మాట గట్టిగానే అన్నాడు.

మర్నాడు అందరూ కలిసి వెళ్లారు. జంబులింగం అంతమందిని చూసి అరుగు దిగాడు. వినయంగా తల పంకించాడు. ఆలోచించుకోడానికి వ్యవధి కావాలన్నాడు. ఆ సాయంత్రమే ఎద్దులను మాత్రం విడిగా పిలిచాడు.

రేగమ్మ ఆ సంగతి తెలుసుకునేసరికి ఎద్దుల ముందు తలా ఒక పచ్చగడ్డి మోపు ఉంది.

"ఏంటన్నా ఇది?"

భూషణం నోట్లో గడ్డి ఉంది. మింగి మాట్లాడాడు. "మా వాటా ఇస్తానన్నాడు చెల్లీ. వారం వారం ఒక మోపు. బండలాగుడుకు జనం వస్తారు కాబట్టి మాకు న్యాయం అట. మీ గుట్టెక్కుడుకు ఎవరూ రారు కాబట్టి..."

"కాబట్టి?"

"మాది ముందు తేలనీ. మీది తర్వాత చూద్దాం అన్నాడు. నాకూ అదే బాగుందనిపించింది. ఒక్కసారే అన్నీ అడిగితే అసలుకే మోసం వస్తుందేమో."

రేగమ్మ ఆ మోపును కొమ్ముతో పక్కకు నెట్టింది. "మా ఆట ఎప్పుడు పెడతారో తెలుసా అన్నా నీకు? ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. మీ బండ కదిలే వేళకే. కాకి అడవంతా తిరిగి మీ పోటీ గురించి అరుస్తుంది, మాది మాట వరసకైనా చెప్పదు. గుట్ట కింద ముళ్లు తప్ప కూర్చోడానికి చోటు లేదు. ఇన్ని చేసి ఎవరూ రావడం లేదంటాడు. నువ్వు గడ్డి నములుతూ తలూపుతావు."

"కోపంగా ఉన్నావు. తర్వాత మాట్లాడదాం."

"అవును, కోపంగానే ఉన్నా. ఇంకెలా ఉండాలి?"

ఆ రాత్రి ఆమె కంచె బయటే పడుకుంది, పొన్న పక్కన. ఎక్కడ ఆకు కదిలినా లేచి కూర్చుంది. పిల్ల నిద్రపోయింది కానీ ఆమెకు కునుకు పట్టలేదు.

తర్వాతి వారం ఎద్దులకు మోపు రాలేదు. అడిగితే కొంగ పంతులు, మొదటి మోపు వాళ్ల రోజువారీ మేతలోంచే ముందుగా ఇచ్చామని, ఇప్పుడు బాకీ తీరేదాకా సగం కడుపేనని చల్లగా చెప్పాడు. భూషణం తల వేలాడేసుకుని రేగమ్మ దగ్గరికి వచ్చాడు.

"చెల్లీ..."

"చెప్పకు. నాకు తెలుసు."

"తిడతావనుకున్నా."

"తిట్టే ఓపిక కూడా అయిపోయింది. పద, మాతంగి పెద్దమ్మ దగ్గరికి పోదాం. ఈసారి మధ్యలో మోపు కనపడితే దాని మీద కూర్చో, తినకు."

మాతంగి వాగులో నీళ్లు తాగుతోంది. వయసు మీద పడింది, చెవుల అంచులు చిరిగిపోయాయి. వాళ్లు చెప్పిందంతా విని, జంబులింగాన్ని పిలిపించింది. ఆయన దారిలోనే ముఖం కడుక్కుని, ఆకుపచ్చ జెండా భుజాన వేసుకుని వచ్చాడు. ఆ జెండా మీద ఏడు మెట్ల గుర్తు ఉంటుంది. ముఖ్యమైనచోట్లకు వెళ్లేటప్పుడు ఆయన దాన్ని వదలడు.

"ఏంరా జంబులింగం, ఎద్దులకు పోగులో వాటా ఎందుకివ్వవు?" అంది మాతంగి.

"పెద్దమ్మా, తమరికి తెలియనిది కాదు. జనం ఎద్దుల్ని చూడ్డానికి రారు. ఈ జెండాను చూడ్డానికి వస్తారు. విద్యాలయం పేరు విని వస్తారు. ఇవాళ భూషణం, రేపు ఇంకో ఎద్దు. జెండా కింద ఎవర్ని నిలబెట్టినా జనం వస్తారు. మరి పోగు ఎవరిది? జెండాది."

భూషణం నెమరు ఆపేశాడు. అంత మాట తన ముఖం మీదే అంటాడని అతను అనుకోలేదు.

"మరి ఈ ఆడపిల్లలకు?"

"వీళ్ల ఆటకు అసలు ఒక్కరూ రారు పెద్దమ్మా. వీళ్లను చూడ్డానికి ఎవరికీ ఇష్టం లేదు. నేనేం చెయ్యను? రానివాళ్ల నుంచి వాటా ఎక్కడ తెచ్చివ్వను?"

రేగమ్మ ముందుకొచ్చింది. అన్నాళ్లూ లోపల ఉడికినదంతా ఒక్కసారిగా కక్కేయాలనిపించింది. కానీ ఆయన అన్న రెండు మాటలు ఆమె చెవిలో ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. అందుకని గొంతు తగ్గించి అడిగింది.

"ప్రిన్సిపాల్ గారూ, పోటీ రోజున మా మెడలో కట్టేదీ ఈ ఆకుపచ్చ గుడ్డే కదా?"

"అవునమ్మా."

"ఈ గుడ్డను చూడ్డానికే జనం వచ్చేటట్టయితే మా దగ్గరికీ రావాలి. మా దగ్గరికి రావడం లేదంటున్నారు. అంటే గుడ్డను చూడ్డానికి ఎవరూ రావడం లేదన్నమాట. భూషణం అన్నను చూడ్డానికే వస్తున్నారు. మరి ఆయన వాటా ఏది?"

"అది... బండలాగుడు వేరు..."

"వేరెలా? జెండా కింద ఎవర్ని నిలబెట్టినా వస్తారని ఇప్పుడే అన్నారు. మేమూ ఎవరో ఒకళ్లమే కదా? ఆయన వాటా ఎగ్గొట్టడానికి ఒక మాట, మా వాటా ఎగ్గొట్టడానికి ఇంకో మాట. రెంటిలో ఏదో ఒకటి ఉంచుకోండి. ఏది ఉంచుకుంటారో మీ ఇష్టం."

మాతంగి తొండం కదిలించడం మానేసింది. జంబులింగం వెంట వచ్చిన కొంగ పంతులు మడుగు వైపు చూడ్డం మొదలెట్టాడు. జంబులింగానికి రెండు వైపులా దారి మూసుకుపోయింది. అయినా నక్క నక్కే. మూడో దారి వెతికాడు. వెతకకుండా ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"వాదనలెందుకు పెద్దమ్మా? పరీక్ష పెట్టండి. ఈసారి పోటీ రోజున మైదానంలో ఎద్దులు బండ లాగనీ, జెండా లేకుండా. గుట్ట మీద మేకలు ఎక్కనీ, జెండా లేకుండా. నేను నడుమ కానుగ చెట్ల కింద పందిరి వేసి, ఈ జెండా పాతి, సభ పెడతాను. జనం ఎక్కడ కూర్చుంటే పోగు అక్కడికే. జనం లేనివాళ్లు పోగును ముట్టడానికి వీల్లేదు. నా మాటంటే మాటే."

"మా ఆట ఎండలో పెట్టకూడదు" అంది రేగమ్మ. "ఇది పరీక్ష కాబట్టి ఎద్దుల ఆటా మాదీ పొద్దున్నే, ఒకే వేళకు పెట్టాలి. ముళ్లు కొట్టేసి కూర్చోడానికి చోటు చెయ్యాలి."

"అలాగే కానివ్వండి. పరుపులు కూడా వేయించనా?" అన్నాడు జంబులింగం వెటకారంగా.

"అక్కర్లేదు. మీ దగ్గరున్న పరుపొకటి కంచె బయట పడి ఉంది. దాన్ని లోపల వేయించండి చాలు."

మాతంగి పరుపు సంగతి అడిగింది. రేగమ్మ చెప్పింది. మాతంగి ముఖం మారింది. "పోటీ తేలేదాకా ఆ పిల్ల నా కాళ్ల మధ్య పడుకుంటుంది" అని, అప్పటికప్పుడే ఒక ఏనుగును పంపింది.

జంబులింగం ఇంటికి పోయి ఊరుకోలేదు. కాకిని పిలిచి ఎండు చేప ఒకటి ముందు పెట్టాడు. "కానుగ చెట్ల కింద మహాసభ అని అరిచి చెప్పు. ఎద్దుల సంగతి ఎలాగూ అందరికీ తెలుసు. గుట్టెక్కుడు ఊసు ఎత్తకు."

కొంగ పంతులు గొణిగాడు. "అయ్యా, వచ్చినవాళ్లకు తలా ఒక చెరకు ముక్క ఇస్తే బాగుంటుందేమో. జనం కూర్చుంటారు."

జంబులింగానికి కోపం వచ్చింది. "చెరకు ఇచ్చి కూర్చోబెట్టుకునే గతి నాకు పట్టిందా? నేను మాట్లాడతాను. అది చాలు."

కాకి అడవంతా తిరిగింది. మహాసభ అని అరిచింది. గుట్టెక్కుడు మాట ఎత్తలేదు. రేగమ్మ విని పళ్లు కొరుక్కుంది. ఇంతకాలం ఎవరో ఒకరు చెబుతారని ఎదురుచూసి అలిసిపోయింది. జట్టును రెండుగా చేసి, సగాన్ని గుట్ట కింద ముళ్లు కొట్టడానికి పెట్టి, మిగతా సగంతో తనే తిరగడం మొదలెట్టింది.

ఆమె మైదానానికి ఎప్పుడూ వచ్చేవాళ్ల దగ్గరికి పోలేదు. వాళ్లు ఎద్దుల్ని వదిలి రారు. ఇన్నాళ్లూ గేటు దగ్గర కనపడనివాళ్ల ఇళ్లకు వెళ్లింది. పిల్లలతో సతమతమయ్యే అడవిపంది గలగలమ్మ గుంత దగ్గరికి, కొండముచ్చుల కొమ్మల కిందికి, నెమళ్ల పొదలకు, కుందేళ్ల బొరియలకు.

"బండలాగుడా? మా పిల్లల్ని ఆ దున్నపోతుల కాళ్ల కింద తీసుకెళ్లమంటావా?" అంది గలగలమ్మ.

"బండలాగుడు కాదక్కా. గుట్టెక్కుడు. నేనూ, వాగవతలి జట్టులో నీలాంబరి అనే కొండమేకా. పిల్లలతో రావచ్చు. చోటు శుభ్రం చేశాం."

"అలాంటిదొకటి ఉందా? మాకెవరూ చెప్పలేదే!"

ఈ మాట ప్రతి గుమ్మం దగ్గరా విని విని రేగమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోటీ రోజు వచ్చేసరికి ఆమె గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

ఆ రోజు పొద్దున్నే గేటు దగ్గర పోగు పెరుగుతుంటే జంబులింగం కడుపు నిండినట్టు చూశాడు. పందిరి కట్టించాడు, తోరణాలు కట్టించాడు. జెండా నడుమ పాతించాడు. మెడలో పూలదండ ముందే వేసుకుని కూర్చున్నాడు, తర్వాత ఎవరైనా వేస్తారో లేదో అని.

ముందుగా ఒక ఎలుగుబంటి కుటుంబం వచ్చింది. జంబులింగం లేచి నిలబడ్డాడు.

"దయచేయండి, దయచేయండి. ముందు వరసలోనే కూర్చోండి."

"బండలాగుడు ఎటయ్యా?" అంది ఎలుగుబంటి.

"బండ ఎప్పుడూ ఉండేదే. ఇక్కడ విద్యాలయం జెండా ఉంది, చరిత్ర ఉంది, నా ప్రసంగం ఉంది."

"జెండా సరే. భూషణం ఏడి?"

"భూషణం మైదానంలో..."

మాట పూర్తి కాకముందే ఎలుగుబంటి మైదానం వైపు నడిచింది. వెనకాలే దుమ్ములగొండులు, అడవిపిల్లులు, ముంగిసలు. జంబులింగం పిలుస్తూనే ఉన్నాడు. వాళ్లు మర్యాదగా తలూపుతూనే వెళ్లిపోయారు.

తర్వాత గలగలమ్మ తన పిల్లల మందతో వచ్చింది.

"అమ్మా, ఇటు ఇటు! నీడ ఉంది!"

"నీడకేం గానీ, గుట్ట ఎటు? పిల్లలు రాత్రి నుంచి ప్రాణం తీస్తున్నారు."

గుట్ట కింద రేగమ్మ కొమ్ముల కింద నుంచి చూస్తోంది. మొదట నలుగురు కుందేళ్లు. తర్వాత ఎవరూ లేరు. మైదానం వైపు నుంచి కేకలు వినపడుతున్నాయి. బండ కదిలినట్టుంది. ఇంత తిరిగి, గొంతు పోగొట్టుకుని, నలుగురు కుందేళ్లా? అనుకునేంతలో గలగలమ్మ గుర్రుమంటూ వచ్చింది. ఆమె వెనక నెమళ్లు, కొండముచ్చులు, ముళ్లపందులు, పిల్లల్ని వీపున మోస్తున్న తల్లులు. మైదానమంత కాదు. అందులో సగం ఉంటుందేమో. కానీ గుట్ట కింద అంతమందిని ఆమె ఎన్నడూ చూడలేదు.

పోటీ మొదలైంది. నీలాంబరి గాలిలా ఎక్కింది. రేగమ్మ ఆమె వెనకాలే, ఊడే రాళ్లను డెక్కతో తెలుసుకుంటూ ఎక్కింది. కొస దగ్గర మోదుగ రెమ్మను ఇద్దరూ ఒకేసారి తుంచారు. కింద పిల్లలు కేరింతలు కొడుతున్నారు. గలగలమ్మ "దూకు రేగమ్మా, దూకు!" అని అరుస్తోంది. దిగేటప్పుడు రేగమ్మ ముందుకొచ్చింది. ఆఖరి బండ మీద కాలు జర్రున జారి, తమాయించుకుంది. ఆ క్షణంలో నీలాంబరి ముక్కు ముందు పడింది. గెలిచింది నీలాంబరి.

జనం ఊపిరి బిగబట్టి, ఒక్కసారిగా హోరెత్తారు. ఎవరు గెలిచారన్నది పట్టించుకోకుండా ఇద్దరి చుట్టూ మూగారు. ఒక పందిపిల్ల రేగమ్మ కాలికి అడ్డంపడి, "మళ్లీ ఎక్కవా అత్తా, మళ్లీ ఎక్కవా?" అని పోరు పెట్టింది.

"ఓడిపోయానురా, కనపళ్లేదా నీకు?" అని కసిరింది రేగమ్మ. ఇన్నేళ్లలో జనం వచ్చిన రోజే ఓడాలా అని ఆమెకు ఒళ్లు మండుతోంది. కానీ పిల్ల వదల్లేదు.

అంతలో మాతంగి మైదానం చూసి, గుట్ట చూసి, కానుగ చెట్ల కిందికి వెళ్లింది. అందరూ వెంట నడిచారు. పందిట్లో జంబులింగం ఖాళీ నేల వైపు చూస్తూ ప్రసంగం సగంలో ఉన్నాడు. ముందు వరసలో కొంగ పంతులు ఒంటికాలి మీద నిద్రపోతున్నాడు.

"మైదానంలో జనం ఉన్నారు. గుట్ట కిందా ఉన్నారు. ఇక్కడెవరున్నారు?" అంది మాతంగి.

"ఇది... ఇంకా మొదలు కాలేదు పెద్దమ్మా..."

"దండ వాడిపోయింది కదరా."

గలగలమ్మ ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. కొంగ పంతులు ఉలిక్కిపడి లేచి, సంగతి గ్రహించి, చప్పుడు చేయకుండా మడుగు వైపు ఎగిరిపోయాడు.

"జనం కూర్చున్నచోటికే పోగు అని నువ్వే అన్నావు" అంది మాతంగి. "ముందుగా అందులోంచి దెబ్బ తగిలినవాళ్ల మేతా మందూ తీసి పక్కన పెట్టండి. ఎద్దయినా లేడైనా, నయమయ్యేదాకా కంచె లోపలే ఉంటారు. మిగిలింది రెండు చోట్లా కూర్చున్న జనాన్ని బట్టి పంచుకోండి. తరగతి జరిగే వేళకు ఎవరూ సాధన పెట్టకూడదు. ఇకమీదట కాకి రెండు ఆటల గురించీ అరవాలి. నేల కూడా రెండు చోట్లా సాపు చెయ్యాలి."

ఎద్దుల్లో ఒకడు వెంటనే లెక్క తీశాడు. "అంటే మాకు రెండు వంతులు, వాళ్లకు ఒక వంతు. మా జనం ఎక్కువ కదా."

రేగమ్మ అతని వైపు తిరిగింది. భూషణం కంగారుగా అడ్డం వచ్చాడు. "నువ్వు నోరు మూసుకోరా" అన్నాడు తన జట్టువాడితో. ఆ మాట నెమ్మదిగా అనలేదు.

"ఉండన్నా, అతను చెప్పింది నిజమే" అంది రేగమ్మ. ఒప్పుకోడానికి ఆమెకు చాలా కష్టమైంది. "ఈసారికి ఒక వంతే. మా గురించి అరవడానికి కాకి ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. విప్పాక వచ్చే ఏడు చూద్దాం, ఎవరి జనం ఎంతో."

పొన్న ఏనుగు కాళ్ల మధ్య నుంచి కుంటుతూ వచ్చి, కంచె లోపల పరిచిన తన గడ్డిపరుపు మీద పడుకుంది. ఈసారి ఎవరూ దాన్ని చుట్టలేదు. భూషణం తన వంతులోంచి ఒక మోపు తెచ్చి పిల్ల ముందు వేసి వెళ్లిపోయాడు.

పంపకాలు అయిపోయాయి. పుచ్చకాయలు కనపడేసరికి జంబులింగం ఆగలేకపోయాడు. దండ తీసేసి, మెల్లగా దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, మరి నాకు?"

"ఎవరి వాటా వాళ్ల జనాన్ని బట్టే" అంది మాతంగి. "నీ సభకు వచ్చినవాళ్లను పిలుచుకురా, వాళ్లను చూసి ఇస్తాను."

జంబులింగం పందిరి వైపు చూశాడు. అక్కడ జెండా ఉంది, దాని కింద ఎవరూ లేరు. చేసేదేం లేక జెండా పీకి భుజాన వేసుకుని, పుచ్చకాయలు మోసుకెళ్తున్న వాళ్లకు దారి వదిలి పక్కకు నిలబడ్డాడు.

నీతి: ఆడేవాళ్ల చెమటను చూడ్డానికి వచ్చిన జనం తన గొప్ప చూడ్డానికి వచ్చారనుకునేవాడు ఆఖరికి ఖాళీ పందిట్లో ఒక్కడే మిగులుతాడు.